మూలుగలో మొదలైన ప్రశ్న

రక్తకణం ఎక్కడ పుట్టి ఎలా ఎదుగుతుందన్న ప్రశ్న, లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న చాలాకాలం వేర్వేరు పండితుల చేతుల్లో నలిగాయి. అవి రెండూ ఒకటేనని తేలడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ సుదీర్ఘమైన అన్వేషణలో తెలుగువారి చేయి మూడు ఘట్టాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. భీమవరంలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాల నుంచి పిల్లల లుకేమియాను తొలిసారిగా వెనక్కి నెట్టిన మందు వచ్చింది. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి లుకేమియా కలిగించే వైరస్‌ల జన్యువులను అక్షరం అక్షరంగా చదివినవారిలో ఒకరు. హైదరాబాదు కంపెనీ నాట్కో ఆ జన్యువుల్లో ఒకటి చేసే కీడును ఆపే మాత్రను సామాన్యుడి చేతికి అందే ధరకు తెచ్చింది. ఈ మూడింటినీ తెలుగులో విడివిడిగా చెప్పుకోవడమే గాని, ఒకే కథలోని భాగాలుగా కలిపి చూడడం అరుదు.

ఈ కథతో నేటి హైదరాబాదుకూ సంబంధం ఉంది. గండిపేట జలాశయానికి దిగువన, మూసీకి చేరువలో ఉన్న నార్సింగి ఒక తరం కిందటి దాకా పొలాల నడుమ ఉన్న ఊరు. ఇప్పుడది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు ఆనుకుని పెరిగిన అపార్ట్‌మెంట్ల పట్టణం. అక్కడి నుంచి గచ్చిబౌలి మీదుగా రాయదుర్గం, హైటెక్ సిటీ వరకు సాగే కారిడార్‌ను లోకం సాఫ్ట్‌వేర్ పేరుతోనే గుర్తిస్తుంది. కాని నోవార్టిస్, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ఆమ్‌జెన్ వంటి ఔషధ సంస్థలు కూడా హైదరాబాదులో పెద్ద కార్యాలయాలు తెరిచాయి, ఆ మూడింటికీ లుకేమియా మందులున్నాయి. వాటిలో పనిచేస్తూ నార్సింగి వంటి చోట్ల కాపురముంటున్నవారికి తమ పనికి వెనుక ఉన్న తెలుగు చరిత్ర తెలియవలసిన అవసరం ఉంది.

ఎర్ర కణాలు, తెల్ల కణాలు, గాయమైనప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, ఇవన్నీ ఎముకల లోపలి మెత్తటి మజ్జలో తయారవుతాయి. తెలంగాణ ఇళ్లలో నల్లి బొక్క కొరికి పీల్చుకునే మూలుగ అదే. పెద్దవారి మజ్జ రోజుకు దాదాపు 20,000 కోట్ల ఎర్ర కణాలను తయారుచేస్తుందని లెక్క. పంతొమ్మిదో శతాబ్దం నడిమి వరకు ఈ సంగతి ఎవరికీ తెలియదు. రక్తం కాలేయంలోనో, ప్లీహంలోనో, రక్తనాళాల్లోనే తనంతట తానో పుడుతుందని అనుకునేవారు. అందువల్లనే 1845లో ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో తెల్లకణాలు విపరీతంగా నిండిన రక్తాన్ని పరిశీలించినప్పుడు ఒకరికి అది చీములా తోచింది, మరొకరికి ఒక కొత్త వ్యాధిలా తోచింది. విర్కో 1847లో దానికి తెల్ల రక్తమని అర్థం వచ్చే గ్రీకు మాటలతో లుకేమియా అని పేరు పెట్టాడు; కారణం తెలియనప్పుడు కంటికి కనిపించినదాన్నే పేరుగా పెట్టిన ఆయన నిజాయతీ మెచ్చదగినది.

కోనిగ్స్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ నాయ్‌మన్ 1868లో రక్తానికి పుట్టిల్లు ఎముక మజ్జేనని చూపాడు, రెండేళ్లకే లుకేమియా రోగి మజ్జ రంగు, రూపం మారిపోయి ఉండడాన్ని వర్ణించాడు. రెండు ప్రశ్నలూ మొదటిసారి ఒకచోట కలిసిన క్షణం అదే. తరువాత పాల్ ఎర్లిక్ కణాలకు రంగులద్దే పద్ధతులను కనిపెట్టడంతో, సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపించిన తెల్లకణాల్లో ఎన్నో జాతులున్నాయని, ఒక్కో జాతిలో పసితనం నుంచి పరిపక్వత దాకా మెట్లున్నాయని తేలింది. రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ మాక్సిమోవ్ 1909 నాటికి ఈ జాతులన్నిటికీ తల్లి ఒక్కటేనని, ఆ తల్లికణం నుంచే శాఖోపశాఖలుగా రక్తమంతా పుడుతుందని వాదించాడు. ఈనాడు మూలకణం అని పిలుస్తున్నది దానినే. ఆ వాదానికి ప్రయోగపూర్వకమైన రుజువు రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఈలోగా కథ భారతదేశానికి వచ్చింది.

1920ల చివర బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు నేతమిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పీడిస్తున్న ఒక తీవ్రమైన రక్తహీనతను పరిశోధించింది. వారి రక్తంలో ఎర్రకణాలు తక్కువగా, పరిమాణంలో మాత్రం అసాధారణంగా పెద్దవిగా ఉండేవి. మజ్జలో కణాలు ఎదగవలసినంత ఎదగక మధ్యలోనే నిలిచిపోయేవి. ఈస్ట్ నుంచి తీసిన చౌకైన తినుబండారం తినిపిస్తే వారు కోలుకున్నారని ఆమె 1931లో ప్రకటించింది. ఆ ఈస్ట్‌లో ఏ పదార్థం పనిచేసిందో అప్పటికి ఎవరికీ అంతుబట్టలేదు. పదేళ్ల తరువాత టెక్సాస్‌లో పాలకూర ఆకుల నుంచి వేరుచేసిన ఒక పదార్థానికి, ఆకు అనే లాటిన్ మాట మీదుగా, ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఎదగక ఆగిపోయిన రక్తకణాలను మళ్లీ నడిపించే ఆ విటమిన్‌ను శుద్ధమైన రూపంలో పుష్కలంగా తయారుచేసే పని యల్లాప్రగడ సుబ్బారావు బృందం చేతికి వచ్చింది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కి, మద్రాసు వైద్య కళాశాలలో చేరి, జాతీయోద్యమ ప్రభావంతో శస్త్రచికిత్స గదికి ఖద్దరు దుస్తులతో వెళ్లినందుకు ఆంగ్ల ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటికి వచ్చాడు. కొంతకాలం ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించాడు. అతని సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. పేగులు ఆహారాన్ని ఒంటికి పట్టనివ్వకపోవడం, నాలుక పూయడం, మనిషి క్షీణించి రక్తం పలచబడడం దాని లక్షణాలు. మన వైద్యులు గ్రహణి అనే మాటతో సూచించే వ్యాధులకు అది చాలా దగ్గరిది. ఫోలిక్ యాసిడ్ లోపం స్ప్రూలో ఒక ప్రధానాంశమని తరువాతి కాలంలో తేలింది. తోబుట్టువులను తీసుకుపోయిన జబ్బుకు మందైన పదార్థం ఆ అన్నదమ్ములలో మిగిలినవాడి ప్రయోగశాలలోనే తయారుకావడాన్ని చరిత్రకారులు ఎంత సంయమనంతో రాసినా, చదివే తెలుగువారి గుండె బరువెక్కక మానదు.

మామగారి ఆర్థిక సాయంతో 1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరాడు. భార్య శేషగిరిని స్వదేశంలో వదిలి వెళ్లాడు, ఆమెను మళ్లీ చూడలేదు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చదువుతూ, పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే ఉద్యోగం చేశాడు. తరువాత సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరీక్ష, కండరం సంకోచించడానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, కణాల ఇంధనమైన ఏటీపీ గురించి జరిపిన పరిశోధనలు జీవరసాయన శాస్త్రంలో అతని పేరును స్థిరపరిచాయి. అయినా హార్వర్డ్‌లో శాశ్వతమైన స్థానం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు మారాడు. అక్కడ అతని నాయకత్వంలోని రసాయన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో రోగనిర్ధారణ నిపుణుడైన సిడ్నీ ఫార్బర్ అప్పట్లో పిల్లల తీవ్ర లుకేమియాపై దృష్టి పెట్టాడు. వ్యాధి బయటపడిన తరువాత ఆ పిల్లలు వారాలో, కొద్ది నెలలో మాత్రమే బతికేవారు. రక్తహీనతలో మజ్జను దారికి తెచ్చిన పదార్థం ఇక్కడా మేలు చేయవచ్చునన్న ఆలోచన ఆనాడు అసంగతం కాదు. రెండు వ్యాధుల్లోనూ మజ్జ నిండా ఎదగని కణాలే కనిపిస్తాయి. లెడర్లే పంపిన ఫోలిక్ యాసిడ్ సంబంధిత రసాయనాలను ఇచ్చి చూస్తే ఫలితం తలకిందులైంది: లుకేమియా కణాలు మరింత వేగంగా పెరిగాయి. తప్పుడు పోలికతో మొదలైన ఆ ప్రయత్నమే అసలు సత్యాన్ని బయటపెట్టింది. రక్తహీనతలో కణం ఫోలిక్ యాసిడ్ అందక ఎదగలేకపోతోంది. లుకేమియాలో కణం ఎదగడం మానుకుని, అదే ఫోలిక్ యాసిడ్‌ను ఆబగా వాడుకుంటూ తనలాంటి కణాలను పుట్టించుకుంటూ పోతోంది. ఆ ఆహారాన్ని అందకుండా చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడి నుంచి పుట్టింది.

దానికి కావలసిన విరోధి పదార్థాలు సుబ్బారావు బృందం దగ్గర సిద్ధమవుతున్నాయి. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక చిన్న భాగాన్ని మార్చి తయారుచేసిన అమినోప్టెరిన్, తాళంలోకి దూరి తిరగకుండా ఇరుక్కుపోయే తాళంచెవిలా, శరీరంలో ఫోలిక్ యాసిడ్‌ను పనికి సిద్ధంచేసే ఎంజైమ్‌లో ఇరుక్కుంటుంది. ఎంజైమ్ అంటే కణంలో రసాయన మార్పులను జరిపించే ప్రొటీన్. దాని పని ఆగితే కణం కొత్త డీఎన్ఏ రాసుకోలేదు, విభజన చెందలేదు. ఫార్బర్ 1947 డిసెంబరులో ఈ మందును పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టి, 1948 జూన్‌లో ఫలితాలను ప్రకటించాడు: 16 మందిలో 10 మంది పరిస్థితి చెప్పుకోదగ్గంతగా మెరుగైంది. ఆ మెరుగుదల కొద్ది నెలలే నిలిచింది, వ్యాధి మళ్లీ వచ్చింది. కాని తీవ్ర లుకేమియా ఒక మందుకు లొంగడం చరిత్రలో అది మొదటిసారి. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే మరణించాడు. అమెరికా పౌరసత్వం అతను తీసుకోలేదు.

నోబెల్ బహుమానం దక్కలేదన్న బాధను సుబ్బారావు గురించి రాసే ప్రతివారూ వ్యక్తం చేస్తారు, అది న్యాయమైన బాధే. అంతకంటే పెద్ద లోటు మరొకటుంది: అతని పనిని మందుల జాబితాగా మాత్రమే గుర్తుంచుకోవడం. ఫోలిక్ యాసిడ్, దాని విరోధి కలిసి తేల్చినది ఒక మందు విలువ మాత్రమే కాదు. తీవ్ర లుకేమియా అంటే రక్తకణాలు కేవలం ఎక్కువ కావడమే కాదని, వాటి ఎదుగుదల మధ్యలో ఆగిపోవడమని. తరువాతి ఏడు దశాబ్దాల పరిశోధనలో పెద్ద భాగం ఆ ఆగిపోవడం ఏ మెట్టుపై, ఎందుకు జరుగుతుందో వెతకడమే.

టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ 1961లో ఆ మెట్లకు మొదటి రుజువు చూపారు. రేడియేషన్‌తో మజ్జ నశించిన ఎలుకలకు ఇతర ఎలుకల మజ్జను ఎక్కించినప్పుడు ప్లీహంపై చిన్న బొడిపెలు ఏర్పడ్డాయి. ఒక్కో బొడిపె ఒక్కో కణం సంతానమని, అందులో పలు జాతుల రక్తకణాలున్నాయని తేలడంతో మాక్సిమోవ్ చెప్పిన తల్లికణం ఊహ కాదని రుజువైంది. అంతకు ఏడాది ముందు ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ దీర్ఘకాలిక లుకేమియా రోగుల కణాల్లో అసాధారణంగా పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును చూశారు. జన్యువుల దారాన్ని చుట్టచుట్టి దాచుకునే కట్టలే క్రోమోజోములు. ఫిలడెల్ఫియా క్రోమోజోముగా పేరుపొందిన ఆ పొట్టి క్రోమోజోము కోల్పోయిన ముక్క మాయం కాలేదని, 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని 1973లో షికాగోలో జానెట్ రౌలీ నిరూపించింది.

ఆ మార్పిడి చోట ఏ జన్యువు ఉన్నదన్న ప్రశ్న దగ్గరే ప్రేమ్‌కుమార్ రెడ్డి పరిశోధన ఈ కథలో కలుస్తుంది. కోళ్లకు, ఎలుకలకు లుకేమియా తెచ్చే కొన్ని వైరస్‌లు ఆయా జంతువుల జన్యువులనే దొంగిలించి, వికృతంగా మార్చి మోసుకు తిరుగుతాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేస్తూ ఆయన 1982లో సహచరులతో కలిసి కోళ్ల లుకేమియా వైరస్‌లోని మిబ్ జన్యువు రాతను, 1983లో ఎలుకల్లో లుకేమియా కలిగించే ఏబెల్సన్ వైరస్ రాతను పూర్తిగా చదివి ప్రకటించాడు. మానవుల మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువులో ఒక్క అక్షరం మారినా కణం అదుపు తప్పుతుందని 1982లో వేర్వేరుగా నిరూపించిన మూడు బృందాల్లో ఒకదానిలో ఆయన కూడా ఉన్నాడు. 1987లో ఆంకోజీన్ పత్రిక స్థాపకుల్లో ఒకడై, తరువాత ఫిలడెల్ఫియాలో ఫెల్స్ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేశాడు.

మిబ్, ఏబెల్సన్ వైరస్ మోసుకు తిరిగే ఏబెల్ అనే ఈ రెండు జన్యువుల పేర్లలోనే రక్తకణ వికాసానికీ లుకేమియాకూ ఉన్న బంధం ఇమిడి ఉంది. పిండంలో రక్తం మొదట పచ్చసొన సంచిలో, ఆపైన కాలేయంలో, చివరికి మజ్జలో తయారవుతుంది. మిబ్ జన్యువు తొలగించిన ఎలుక పిండాల్లో తొలి రక్తం పుట్టినా కాలేయంలో పుట్టవలసిన రక్తం పుట్టదని, అవి పుట్టకముందే చనిపోతాయని 1991లో తేలింది. కణం ఎదగడానికి అవసరమైన జన్యువే, తగని చోట, తగని కాలంలో ఆగకుండా పనిచేస్తే లుకేమియాకు కారణమవుతుంది. ఏబెల్ జన్యువు ఇంకా సూటిగా మనిషికి సంబంధించినది: ఫిలడెల్ఫియా క్రోమోజోములో 9వ క్రోమోజోము నుంచి తరలివచ్చి అతుక్కున్నది అదేనని 1980ల తొలి సంవత్సరాల్లో తేలింది. అతుక్కున్న చోట అది ఎప్పుడూ మీట నొక్కే ఉన్న యంత్రంలా మజ్జను ఎడతెగకుండా పనిచేయిస్తుంది. ఆ యంత్రానికి అడ్డుపుల్ల వేసే ఇమాటినిబ్ మాత్రను నోవార్టిస్ గ్లీవెక్ పేరుతో తయారుచేయగా, 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

మన దేశంలో ఆ మాత్రకు నెలకు లక్ష రూపాయలకు పైగా అయ్యేది. నోవార్టిస్ చాలామంది పేద రోగులకు ఉచితంగా ఇచ్చిన మాట నిజమే. ఇచ్చేవారి దయపై ప్రాణం ఆధారపడడం వేరు, కొనుక్కోగలగడం వేరు. 1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక, తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చిన కాలంలో హైదరాబాదు చుట్టుపక్కల పెరిగిన ఔషధ పరిశ్రమలో 1981లో పుట్టినది నాట్కో. అది 2003లో వీనాట్ పేరుతో ఇమాటినిబ్‌ను గ్లీవెక్ ధరలో పదో వంతుకు దగ్గరి ధరకు విడుదల చేసింది. తరువాత దశాబ్దం పాటు నడిచిన వివాదంలో చెన్నై పేటెంటు కార్యాలయం 2006లో నోవార్టిస్ పేటెంటు దరఖాస్తును తిరస్కరించగా, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ తిరస్కరణను సమర్థించింది. పాత మందుకు కొత్త స్ఫటిక రూపం ఇచ్చినంత మాత్రాన చికిత్సలో మెరుగుదల కనబడకపోతే అది కొత్త ఆవిష్కరణ కాదన్నది ఆ తీర్పు సారాంశం. భారత న్యాయచరిత్రలో రోగి పక్షాన నిలిచిన తీర్పులలో దీనికి పెద్ద స్థానమే ఇవ్వాలి.

రక్తకణ వికాసం గురించిన తాజా పరిశోధన మరో ముఖ్యమైన విషయం తేల్చింది. పిల్లల్లో కొన్ని లుకేమియాలకు తొలి జన్యుమార్పు తల్లి కడుపులోనే, పిండం రక్తం తయారుచేసుకుంటున్నప్పుడే జరుగుతుంది. లండన్‌లో మెల్ గ్రీవ్స్ బృందం 1990లలో ఒకే రూపం గల కవలల్లో ఇద్దరికీ ఒకే మార్పు ఉన్నట్టు, పుట్టిన వెంటనే మడమ నుంచి తీసి కాగితంపై ఎండబెట్టిన రక్తపు చుక్కల్లో సైతం అది ఉన్నట్టు చూపింది. ఆ మార్పుతో పుట్టిన పిల్లల్లో బహు కొద్దిమందికే తరువాత జబ్బు వస్తుంది. రెండో దెబ్బ మరేదో తగలాలి. అందువల్ల బిడ్డకు లుకేమియా వచ్చినప్పుడు తల్లి గర్భవతిగా తిన్నదానినో, చేసిన పనినో, పూర్వజన్మ పాపాన్నో తప్పుపట్టే అలవాటుకు ఆధారం లేదు. ఇళ్లలో ఇప్పటికీ వినపడే ఆ మాటలు ఆగిపోవాలి.

హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1955లో మొదలైన ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ఎం.ఎన్.జె.గా ప్రసిద్ధమై, తెలుగు జిల్లాల పేద రోగులకు తరతరాలుగా దిక్కైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ దిక్కుకు డబ్బు ఊతం తోడైంది. ఒకప్పుడు వారాల్లో ప్రాణం తీసిన పిల్లల తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా నుంచి, సంపన్న దేశాల్లో నూటికి తొంభై మంది వరకు నేడు బయటపడుతున్నారు. ఆ చికిత్స చివరి దశ రెండేళ్లకు అటూ ఇటూ సాగుతుంది. ఆ కాలమంతా పిల్లలు రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికొకసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటారు. ఆ మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువుగా, సుబ్బారావు పనిచేసిన పెర్ల్ రివర్ ప్రయోగశాలలోనే పుట్టిన మందు.